గాలి సోకి కూలిన రాజ్యం

2009 అక్టోబర్ మొదటి వారంలో తుంగభద్ర, గద్వాల సీమలోని నేతగాళ్ళ ఊరు రాజోలి మీదికి వచ్చింది. ఇళ్ళు కూలాయి. పడుగులు తడిశాయి. నేతగాళ్ళు కాళ్ళు దించుకుని కూర్చునే మగ్గం గుంటల్లో ఒండ్రు నిండింది. ఆ వరద సంగతి రాజోలిలో ఎవరినడిగినా చెబుతారు. నేను చెప్పబోయేది ఆ ఒండ్రులోనే దాగి ఉండి, అడిగేవాళ్ళు లేక మిగిలిపోయిన మరో పతనం గురించి. అది జరిగి ఇప్పటికి సుమారు 240 కోట్ల ఏళ్ళు. అప్పుడు కూలింది భూమ్మీద మొట్టమొదటి జీవరాజ్యం. దాన్ని ముంచెత్తింది గాలి.

ఆ రాజ్యం ఎక్కడ మొదలైందన్న తగువు ఇంకా తెగలేదు. సముద్రం అడుగున వేడినీటి ఊటల దగ్గరంటారు కొందరు. కాదు, నేల మీది వేడి మడుగుల్లో అంటారు మరికొందరు. ఆస్ట్రేలియాలోని పిల్బరా రాళ్ళలో దాదాపు 348 కోట్ల ఏళ్ళ నాటి జీవపు జాడలున్నాయి కాబట్టి, పుట్టుక అంతకన్నా ముందే అయి ఉండాలి. తగువు లేనిది ఒక్కటే: తొలి కణాలు కళ్ళు తెరిచిన లోకపు గాలిలో ఆక్సిజన్ లేదు. రష్యాలో ఒపారిన్ 1924లో, ఇంగ్లండులో జె.బి.ఎస్. హాల్డేన్ 1929లో జీవం పుట్టుక గురించి విడివిడిగా రాశారు. ఆదిమ సముద్రం మీద పడిన అతినీల కిరణాలు సేంద్రియ పదార్థాలను పుట్టించాయనీ, వాటిని కాల్చి తగలెయ్యడానికి ఆక్సిజన్ లేదు గనకే అవి పోగుపడ్డాయనీ హాల్డేన్ ఊహ. ఈ హాల్డేన్ మనకు మరీ పరాయివాడేం కాదు. 1957లో మన దేశం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడు. 1964లో హాల్డేన్ భువనేశ్వర్‌లో కన్నుమూస్తే, ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇచ్చారు. జీవం ఎలా పుట్టిందో అని అంత తపన పడ్డ మనిషి చివరికి గోదావరి సీమలో విద్యార్థుల పాఠమయ్యాడు.

రాజ్యం సంగతికొద్దాం. గద్వాల చుట్టుపక్కల నల్లపచ్చగా ఉండే పురాతన శిలలున్నాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వాటిని గద్వాల గ్రీన్‌స్టోన్ బెల్టు అంటారు. వయసు 250 కోట్ల ఏళ్ళు దాటినవి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వాళ్ళు ఇందులో బోనినైట్ అనే అరుదైన లావారాయిని గుర్తించారు. ఒక సముద్రపు పలక మరోదాని కిందికి జారే చోట్ల పుట్టే రాయి అది. అంటే ఇవాళ పత్తి, మిరప వేసే ఈ చెలకల సీమలో ఒకనాడు అగ్నిపర్వతాలు కక్కిన లావా సముద్రపు నీళ్ళలో గడ్డకట్టిందన్నమాట. ఆ నీళ్ళ నిండా కరిగిన ఇనుము. పైన నైట్రోజన్, బొగ్గుపులుసు గాలి, మీథేన్. ఇప్పుడున్న ఆక్సిజన్‌లో లక్షో వంతు కూడా ఆ ఆకాశంలో లేదు. మనిషిని తీసుకెళ్ళి అక్కడ నిలబెడితే నిమిషాల్లో పోతాడు. అక్కడి వాళ్ళకు మాత్రం అదే చల్లని ఇల్లు. హైడ్రోజన్ తిన్నారు, గంధకం తిన్నారు, ఇనుమును మేశారు, మీథేన్ వదిలారు. అలా నూరు కోట్ల ఏళ్ళకు పైగా ఏలారు.

వాళ్ళలోనే ఒక చిన్న కులం, సయనోబాక్టీరియా, కొత్త విద్య నేర్చింది. ఎండను పట్టి నీటిని చీల్చడం. నీటికి కరువెక్కడ? ఇక తిండికి లోటు లేదు. చీల్చగా మిగిలిన పనికిరాని ముక్కను బయటికి తోసేసేది. ఆ పారబోసిందే ఆక్సిజన్.

ఆ కులానికి ఎవరి మీదా పగ లేదు. ఈ గాథలో నన్ను కలచివేసేది అదే. కురుక్షేత్రానికైనా ఒక జూదం, ఒక అవమానం కారణం. ఇక్కడ ఇంటి చెత్త తప్ప కారణమే లేదు.

ఆ చెత్త ఎందుకు చంపుతుంది? పాతవాళ్ళ ఒంట్లో ముఖ్యమైన పనులన్నీ ఇనుము, గంధకం కలిసి కట్టిన చిన్న చిన్న ముడుల మీద నడిచేవి. ఎలక్ట్రాన్లను చేతులు మార్చేవి అవే. ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లంటే పేరాశ. అది తగలగానే ముడులు విడిపోతాయి. అంతటితో ఆగదు. సగం తిని వదిలేసిన ఎంగిలిలా సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టి కణాన్ని లోపలినుంచే చీలుస్తాయి. వాటిని ఆర్పే ఎంజైములు ఇవాళ మన కణాల్లో ఉన్నాయి. ఎన్నడూ నిప్పు ఎరగని ఇంట్లో నీళ్ళ బిందె ఎవరు పెట్టుకుంటారు?

అయినా రాజ్యం ఒక్కరోజులో పడలేదు. సముద్రంలో కరిగిన ఇనుము కాపలా కాసింది. వెలువడిన ఆక్సిజన్‌ను అక్కడికక్కడే పట్టుకుని, తుప్పై అడుగుకు దిగిపోయింది. పొర మీద పొరగా పేరుకున్న ఆ తుప్పును చూడాలంటే రాజోలి నుంచి తుంగభద్ర వెంట ఎగువకు, మంత్రాలయం దాటి హోస్పేట వైపు పోవాలి. సండూరు కొండలు, బళ్ళారి ఇనుపరాళ్ళు అలా ఏర్పడ్డవే. (ఆక్సిజన్ లేకుండా, ఎండతోనే ఇనుమును తుప్పు పట్టించే బాక్టీరియా కూడా ఉన్నాయి. ఏ పొర ఎవరి పనో తేల్చడం సులువు కాదు.) ఇప్పుడా కొండలను తవ్వి లారీలకెత్తి ఉక్కు చేసుకుంటున్నాం. మనం కరిగించేది ఆ కోటగోడనే.

చివరికి ఇనుము తరిగింది. ఆక్సిజన్‌ను పట్టి ఆపడానికి అగ్నిపర్వతాల వాయువులూ సరిపోలేదు. ఆక్సిజన్ ఆకాశానికెక్కింది. ఆ గడియ ఎప్పుడో రాళ్ళలోని గంధకం చెబుతుంది: ఆక్సిజన్ లేని ఆకాశం కింద మాత్రమే పడే ఒక ఐసోటోప్ ముద్ర అప్పటితో ఆగిపోయింది. ఈ సంగతి 2000లో బయటపడింది. పైన ఉన్న మీథేన్‌ను కొత్త గాలి తినేసింది. నేటికన్నా మసకగా వెలిగే ఆనాటి సూర్యుడి కింద భూమికి కప్పిన కంబళి అదే. అది పోయేసరికి లోకం మంచుగడ్డ కట్టిందని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం.

పుస్తకాలు దీన్ని ముందడుగుగానే రాస్తాయి. మనం గాలి పీల్చేవాళ్ళం కాబట్టి గెలిచినవాళ్ళ వైపునుంచే కథ చెప్పుకుంటాం.

ఓడినవాళ్ళు చావలేదు. అరణ్యవాసం పట్టారు. ఏటి బురదలో పైన నాలుగైదు మిల్లీమీటర్లు దాటితే చాలు, ఆక్సిజన్ ఉండదు. మగ్గం గుంటల్లో నిండిన ఒండ్రులోనూ వాళ్ళే కాపురముండి ఉంటారు. ఆవు పొట్టలో, వరిమడి కింద, గోబర్ గ్యాస్ తొట్టిలో వాళ్ళ సంసారమే నడుస్తోంది. సహజ రంగుల కాలంలో నేతవాళ్ళ నీలిమందు తొట్టినీ వాళ్ళే నడిపారు. నీలిమందు నీళ్ళలో కరగదు. గాలి తగలకుండా పులియబెట్టిన తొట్టిలో సూక్ష్మజీవులు దాన్ని కరిగే రూపానికి తెస్తాయి. అందులోంచి తీసిన నూలు ముందు పసుపుపచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ కళ్ళముందే నీలమవుతుంది. ఇదంతా మంచి ముఖం. ధనుర్వాతం తెచ్చేదీ వీళ్ళ బంధువే. తుప్పు మేకు దిగితే వస్తుందని పెద్దలు భయపడతారు కదా, అందులో తుప్పు తప్పేం లేదు. మేకు చేసిన లోతైన గాయంలో గాలి ఆడదు. మట్టిలో విత్తనంలా నిద్రపోతున్న క్రిమికి అక్కడ పాత రాజ్యం దొరుకుతుంది.

కొందరు రాజీ పడ్డారు. గాలి తెలిసిన ఒక బాక్టీరియాను తమ ఒంట్లో చేర్చుకుని, ఆక్సిజన్‌తో వేగే పని దానికి అప్పగించారు. మన కణాల్లోని మైటోకాండ్రియా ఆ బాక్టీరియా సంతతే. ఆశ్రయమిచ్చిన వైపుకు దగ్గరి చుట్టాన్ని జపాను శాస్త్రవేత్తలు సముద్రపు బురదలోంచి తెచ్చి, గాలి సోకని పాత్రలో పెంచడానికి 12 ఏళ్ళు పట్టింది.

ఇక గెలిచినవాళ్ళ సంగతి. సయనోబాక్టీరియా జిగురు చాపలు సున్నాన్ని పొరలుగా పేర్చి కట్టిన గుమ్మటాలే స్ట్రొమటోలైట్లు. కడప జిల్లా వేంపల్లె సున్నపురాళ్ళలో అవి అచ్చుపడి ఉన్నాయి, దాదాపు 190 కోట్ల ఏళ్ళ నాటివి. తుమ్మలపల్లెలో యురేనియం తవ్వేది కూడా ఆ రాతి వరుసలోనే. ఆ కాలంలో ప్రపంచంలోని లోతు తక్కువ సముద్రాలన్నీ వాటివే. అవి వదిలిన గాలినే పీల్చి తరవాత జంతువులు పుట్టాయి. నోళ్ళు వచ్చాయి, మేత మొదలైంది. జిగురు చాపలకన్నా సులువుగా దొరికే మేత ఏముంది? గుమ్మటాలు తరిగిపోయాయి. సముద్రపు నీటి గుణం మారడం కూడా కారణమంటారు. ఇవాళ అవి పెద్ద ఎత్తున బతికున్న చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. ఆస్ట్రేలియా పడమటి తీరంలో షార్క్ బే ఒకటి. అక్కడి నీళ్ళలో ఉప్పు మామూలు సముద్రానికి దాదాపు రెట్టింపు. మేసే నత్తలు ఆ ఉప్పుకు తట్టుకోలేవు.