హుస్సేన్‌సాగర్‌లో తెరచాపల వారం

హైదరాబాద్‌లోని మా కొండాపూర్ గురించి రాసేవాళ్లు 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైన దగ్గరే కథ ఎత్తుకుంటారు. అంతకుముందు ఇక్కడేమీ లేనట్టే. నీళ్ల ఊసు అసలే రాదు. మా వైపు చెరువు ఉన్నది పొలానికి, పశువులకు, తాగడానికి. పక్కనున్న దుర్గం చెరువు కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ కోట దాహం తీర్చింది. 2020 సెప్టెంబరులో దాని మీద తీగల వంతెన వచ్చాక జనం వంతెనను చూడటానికి పోతున్నారు, చెరువును కాదు. పడవల పందెం మా ఊరి ముచ్చట్లలో ఎప్పుడూ లేదు. అది చూడాలంటే హుస్సేన్‌సాగర్‌కు పోవాల్సిందే.

సముద్రమున్న చోట్ల దీవుల నడుమ రోజుల తరబడి చిన్న పడవల పోటీలు జరుగుతాయి. ఫ్లోరిడాలో జరిగే అలాంటి ఒక పోటీలో టాంపా బే నుంచి కీ లార్గో దాకా సుమారు 480 కిలోమీటర్లు ఎనిమిది రోజుల్లో చేరాలి. గాలి ఉంటే తెరచాప, పడిపోతే తెడ్డు. హుస్సేన్‌సాగర్‌లో మనకున్న దీవి ఒక్కటే, జిబ్రాల్టర్ రాక్. 1990 మార్చిలో అక్కడికి తీసుకెళ్తుండగా బుద్ధ విగ్రహం నీళ్లలో మునిగింది. రెండున్నరేళ్లకు పైగా అడుగునే ఉండి, 1992 డిసెంబరు 1న పైకొచ్చి నిలబడింది.

ఆ బుద్ధుడి ఎదుటే ఏటా వానాకాలంలో, ఎక్కువగా జూలైలో, హైదరాబాద్ సెయిలింగ్ వీక్ జరుగుతుంది. 1980ల నుంచీ ఉంది. నడిపేది సైన్యంలోని ఈఎంఈ విభాగం వారి సెయిలింగ్ అసోసియేషన్. సముద్రం లేని ఊరికి తెరచాప అలవాటు కంటోన్మెంటు వల్లే అబ్బిందని నా నమ్మకం. ఎక్కువగా వాడేది లేజర్ పడవ: నాలుగు మీటర్ల పైచిలుకు పొడవు, ఎక్కేది ఒక్కరే. చుక్కాని, తాడు, ఒంటి బరువు, అన్నీ ఆ ఒక్కరే చూసుకోవాలి.

జూలైలోనే ఎందుకంటే, నైరుతి గాలి అప్పుడే బలంగా వీస్తుంది. కానీ ఒక్క దిక్కున నిలవదు. చుట్టూ భవనాలు, గట్లు. గాలి వాటికి తగిలి విరుగుతుంది, దిక్కు మారుతుంది, ఉన్నట్టుండి పడిపోతుంది. గాలికి ఎదురుగా పడవ నేరుగా పోలేదు, ఓసారి కుడికి ఓసారి ఎడమకి ఏటవాలుగా కోసుకుంటూ పోవాలి. ఎప్పుడు తిప్పాలో తెలిసినవాడిదే పందెం. ఒక్కరోజు అదృష్టంతో గెలవడమూ కుదరదు. రోజుకు రెండు మూడు పందేల చొప్పున చాలా రోజులు సాగుతుంది. మొదటి స్థానానికి ఒక పాయింటు, రెండో స్థానానికి రెండు, చివరికి తక్కువ పాయింట్లున్నవాళ్లదే గెలుపు. మరీ చెడిన పందెం ఒకటి లెక్కలోంచి తీసేస్తారు. ఈ దయ మన పరీక్షల్లో లేదు!

తెడ్ల పోటీలకూ ఈ సాగరమే వేదిక. 2005లో ఆసియా రోయింగ్ చాంపియన్‌షిప్ ఇక్కడే జరిగింది.

సముద్రం లేని ఊళ్లో సెయిలింగేమిటి అనేవాళ్లకు భోపాల్‌ను చూపిస్తాను. అక్కడి చెరువులో నేర్చుకున్న నేహా ఠాకుర్ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చింది. మన దగ్గర యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ నడిపే మాన్‌సూన్ రెగాటాలో బస్తీల పిల్లలు, గురుకులాల పిల్లలు బుల్లి ఆప్టిమిస్ట్ పడవల్లో దూసుకుపోతున్నారు. కొండాపూర్ టవర్లలో ఈత, స్కేటింగ్, టెన్నిస్ అన్నిటికీ ఫీజు కట్టే తల్లిదండ్రులకు ఈ సంగతే తెలియదు.

నీళ్ల మురికిని దాచి చెప్పను. కూకట్‌పల్లి నాలా దశాబ్దాలుగా మోసుకొచ్చిన మురుగు, రసాయనాలు ఆ సాగరంలోనే చేరాయి. పడవ బోల్తా పడితే మునిగేది ఆ నీళ్లలోనే. పందేలు జరిగే నీటిని శుభ్రంగా ఉంచమని అడిగే హక్కు మనకుంది. అడగాలంటే ముందు ఆ నీటిని చూసి రావాలి.

వచ్చే జూలైలో పిల్లల్ని తీసుకుని హఫీజ్‌పేటలో ఎంఎంటీఎస్ ఎక్కండి. సికింద్రాబాద్ వైపు పోయే బండి చూసుకుని సంజీవయ్య పార్కు స్టేషన్‌లో దిగండి. నాంపల్లి బండి ఎక్కితే బేగంపేట దాటాక దారి మారిపోతుంది.