గజాల కొలత, కొట్ల లెక్క

బడికి 100 గజాల లోపు బీడీ, సిగరెట్టు, నమిలే పొగాకు అమ్మకూడదని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం చెబుతోంది. ఆ దూరాన్ని ఎలా కొలవాలో 2004 నియమాలు తేల్చాయి: బడి ప్రహరీ లేదా కంచె అంచు నుంచి చుట్టూ, నేరుగా. దారి వంపులు లెక్కలోకి రావు. పుల్లలచెరువు లాంటి చిన్న మండల కేంద్రంలో బడీ, బస్సులు ఆగే చోటూ, చిల్లర కొట్లూ దగ్గర దగ్గరే గనుక ఆ గీత గీస్తే ఊరి నడిబొడ్డు చాలావరకు దాని లోపలే పడుతుంది. అయినా ఇలాంటి ఊళ్ళలో షాంపూ పొట్లాల పక్కనే పొగాకు పొట్లాల సరాలు, తాడుకు కట్టిన లైటరు వేలాడుతూనే ఉంటాయి. పోలీసులు పట్టించుకోరని సరిపెట్టుకుంటాం గానీ అసలు లోపం వేరే ఉంది. ఎవరు అమ్ముతున్నారో రాసుకోకుండా ఎంత దూరమో మాత్రమే రాసుకున్న చట్టం ఇది.

పాత పాలన ఇలా ఉండేది కాదు. పుల్లలచెరువు ఉన్న మార్కాపురం ప్రాంతం 1970 దాకా కర్నూలు జిల్లాలోది. అంతకుముందు మద్రాసు రాజధాని పాలనలోది. ఆ రోజుల్లో గంజాయి చట్టబద్ధంగానే అమ్మేవారు. 1886 అబ్కారీ చట్టం, 1893–94లో విచారణ జరిపిన గంజాయి కమిషన్ దాన్ని కట్టుదిట్టం చేశాయి. తెలుగునాట సాగును బాపట్ల తాలూకా దగ్గుబాడు, సంతరావూరు వైపు పల్లెలకు పరిమితం చేసి, సరుకును సర్కారు గిడ్డంగికి చేర్చేవారు. చిల్లర కొట్ల సంఖ్య ముందే ఖరారయ్యేది, అమ్మే హక్కు ఏటా వేలానికి వచ్చేది. ఫలానా ఊళ్ళో ఫలానా కొట్టు అని దస్త్రంలో ఉండేది. పొగాకుకూ 1939లో మద్రాసు ప్రభుత్వం అమ్మకపు పన్నుతో పాటు లైసెన్సు పెట్టింది.

అదంతా ఖజానా కోసమే కదా, జనం ఆరోగ్యం కోసమా అని ఎవరైనా అడగవచ్చు. ఖజానా కోసమే. ఆ కమిషన్ గంజాయిని పూర్తిగా నిషేధించమనలేదు, పన్ను వేసి అదుపులో పెట్టమంది. కానీ డబ్బు కోసం కొట్టు కొట్టునూ గుర్తుపెట్టుకున్న ప్రభుత్వం, పిల్లల కోసం ఆ పని చేయలేకపోవడం నాకు మింగుడుపడదు. ఈనాడు గీత దాటితే గరిష్ఠంగా 200 రూపాయల జరిమానా. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ళ దాకా జైలు. ఒకటి ఎవరినీ ఆపదు, రెండోది చిల్లర కొట్టు మీద ప్రయోగించడానికి ఎవరికీ చేయి రాదు. రద్దు చేయగల లైసెన్సు ఈ రెండింటి నడుమ ఉండాల్సింది.

లైసెన్సు అంటే మళ్ళీ అధికారి చేతులు తడపడమే, కొట్టు మీదే బతికే పేదలకు అది భారం అన్న అభ్యంతరం బలమైనదే. రుసుము నామమాత్రంగా ఉంచి, బియ్యం, సబ్బులు అమ్ముకునే హక్కు జోలికి పోకుండా ఉంటే ఆ భారం చాలావరకు తగ్గుతుంది. పైగా ఈ ప్రాంతంలోనే పొదిలి, కనిగిరి వేలం కేంద్రాలకు బేళ్ళు తెచ్చే రైతును చూడండి. 1975 చట్టంతో ఏర్పడిన పొగాకు బోర్డు దగ్గర అతని పేరు, బ్యారన్, పండించాల్సిన పరిమాణం నమోదై ఉంటాయి. అంతకు మించి పండిస్తే అదనపు రుసుము కట్టాలి. పండించేవాడికి కిలోల లెక్క పెట్టి, అమ్మేవాడి పేరైనా రాసుకోకపోవడం ఏ న్యాయం? పొగాకు అమ్మే కొట్లకు స్థానిక సంస్థల ద్వారా అనుమతి ఇచ్చే పద్ధతి పెట్టమని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే రాష్ట్రాలకు రాసింది. పంచాయతీ కార్యాలయంలో ఒక రిజిస్టరు తెరిస్తే ఆ పని మొదలైనట్టే.