పన్నెండు వారాల ఓర్పు

1976 ఆగస్టు. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల. తత్సువో ఇడో అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త తయారుచేసిన మందు ప్రయాణానికి సిద్ధమైంది. దాని పేరు ఎఫ్‌డీజీ. గ్లూకోజుకు రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలిస్తే వచ్చేదే అది. ప్రతి 110 నిమిషాలకూ దాని చేవ సగానికి పడిపోతుంది. రోడ్డున పోతే దారిలోనే చాలావరకు హరించుకుపోతుంది. అందుకే చిన్న విమానం ఎక్కించారు.

ఫిలడెల్ఫియాలో, పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆసుపత్రిలో డాక్టర్ అబ్బాస్ అలావీ దానికోసమే ఎదురుచూస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు వలంటీర్లకు సూది పడింది. గ్లూకోజును ఇష్టంగా తినే మెదడు బొమ్మలో తేలింది. మనిషి ఒంట్లో ఎఫ్‌డీజీని చూడటం అదే మొదలు.

కేన్సర్ కణానికీ గ్లూకోజు యావ ఎక్కువే. జర్మనీలో ఒట్టో వార్‌బర్గ్ ఆ సంగతి 1920లలోనే పట్టుకున్నాడు. నేటి పెట్-సీటీ స్కాన్ నడిచేది ఆ యావ మీదే.

ఇప్పుడు మామిడి తోటల రెడ్డిగూడెం లాంటి ఊరి సంగతి చూద్దాం. గొంతు కేన్సర్‌కు రేడియేషన్ ముగించుకుని ఊరికొచ్చిన మనిషికి మెడలో గడ్డ ఇంకా చేతికి తగులుతూనే ఉండొచ్చు. అది చచ్చిన కండా, మళ్లీ రాజుకుంటున్న జబ్బా? మామూలు సీటీ గడ్డ సైజు చూపిస్తుంది గానీ అందులో ప్రాణముందో లేదో ఖాయంగా తేల్చలేదు. అలాగని వెంటనే పెట్ తీయించినా చిక్కే. రేడియేషన్‌కు కమిలిన కండ కూడా గ్లూకోజు లాగి, జబ్బులాగే వెలుగుతుంది.

అందుకే పన్నెండు వారాలు ఆగాలి. ఆ గడువు తీరాక ఆరు గంటలు పస్తుండి స్కాన్‌కు వెళ్లాలి. షుగర్ చూసి ఎఫ్‌డీజీ సూది వేస్తారు. గంటసేపు కదలకుండా పడుకోమంటారు. గొంతు పేషెంటునైతే మాట్లాడొద్దంటారు. మాట్లాడితే గొంతు కండరాలే మందును లాగేసుకుంటాయి మరి.

ఈ ఓర్పుకు ఫలముందని బ్రిటన్‌లో 564 మంది తల, మెడ కేన్సర్ పేషెంట్ల మీద జరిగి 2016లో వెలువడిన పరిశోధన తేల్చింది. సగంమందికి మెడ గ్రంథులు తీసేసే ఆపరేషన్ ముందే ఖరారు చేశారు. మిగతావారికి కీమో, రేడియేషన్ ముగిసిన 12 వారాలకు పెట్-సీటీ తీసి, అవసరమైతేనే కత్తి పట్టారు. మొదటివైపు 221 ఆపరేషన్లు, రెండోవైపు 54. ప్రాణాలు నిలవడంలో స్కాన్ వర్గం ఏమీ తీసిపోలేదు.

స్కాన్‌లో మెరిసిందల్లా కేన్సర్ కాదు, ముక్క పరీక్షతో తేల్చుకోవాలి. 12 వారాలూ చేతులు కట్టుకుని కూర్చోమనీ కాదు. గడ్డ పెరిగినా, నోట రక్తం పడినా, ముద్ద మింగుడుపడకపోయినా ఆ రోజే ఆసుపత్రికి బయల్దేరాలి.