స్వతంత్ర పార్టీ విదేశాంగ దృక్పథం: కృష్ణా డెల్టా

1959లో మద్రాసులో ఏర్పడిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడు నాటి గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి.రంగా. నాగపూర్ కాంగ్రెసు ఆమోదించిన ఉమ్మడి సహకార సేద్యంపై వ్యతిరేకతే పార్టీ పుట్టుకకు ప్రధాన కారణం. డెల్టా భూస్వాములకు, మోతుబరి రైతులకు ఆ వ్యతిరేకత నచ్చింది. మాగాణి పోతుందన్న భయం ముందు అలీన విధానం ఎవరికి పట్టింది?

పార్టీ మూలసూత్రాలు ఇరవై ఒక్కటి. వాటి పరిధిలోకి రాని విషయాల్లో సభ్యులు ఎవరి అభిప్రాయం వారు చెప్పుకోవచ్చు. అందుకే విదేశాంగంలో ఒకే గొంతు వినిపించలేదు. టిబెట్ ఘటనల తరువాత రంగా, మరో పార్టీ నేత మినూ మసానీ చైనా పట్ల నెహ్రూ మెతకదనాన్ని ఎండగట్టారు. మసానీ పాశ్చాత్య దేశాలతో సాన్నిహిత్యం కోరారు. పార్టీ వ్యవస్థాపకుడు రాజాజీ దారి వేరు: అణ్వస్త్రాలు వద్దన్నారు, గోవాపై సైనిక చర్యను తప్పుపట్టారు, పాకిస్థాన్‌తో రాజీ కావాలన్నారు. కాంగ్రెసు మీద కోపంతో వచ్చిన సంప్రదాయవాద ఓటరుకు ఈ చివరి మాట మింగుడుపడటం కష్టమే.

డెల్టాలో ఎదుటి పక్షం కమ్యూనిస్టులు. 1961 ఏప్రిల్‌లో వారి ఆరో మహాసభ విజయవాడలోనే జరిగింది. సోవియట్ నాయకుడు సుస్లోవ్ హాజరయ్యాడు. 1962 ఫిబ్రవరి ఎన్నికల్లో రంగా తెనాలిలో కమ్యూనిస్టు అభ్యర్థి కొల్లా వెంకయ్య చేతిలో ఓడి, తరువాత చిత్తూరు ఉపఎన్నికలో గెలిచారు. చైనా దాడి ఆ అక్టోబరులో జరిగింది. రంగా హెచ్చరికలకు బలం వచ్చేసరికి తెనాలి ఓటు అయిపోయింది. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసింది. రంగా అప్పటికే కాంగ్రెసుకు తిరిగివెళ్లారు.