బేగంపేట విమానాశ్రయము

1916లో కట్టిన కాచిగూడ రైల్వే స్టేషనులో నేటికిని బండ్లు ఆగుచున్నవి. వయసున దానికన్న చిన్నదైన బేగంపేట విమానాశ్రయమునకు మాత్రము 2008 మార్చి తరువాత మామూలు ప్రయాణికుల విమానములు వచ్చుట మానినవి. కారణమేమి?

నిజాము కాలమున అది ఊరి అంచున వెలసినది. 1945లో ఏర్పడిన దక్కన్ ఎయిర్‌వేస్‌కు అదియే నెలవు. క్రమముగా ఊరు పెరిగి దానిని చుట్టుముట్టినది.

నగరవాసులమైన మనకు ఆ చేరువ ఎంతయో సుఖము. విదేశములకేగు బిడ్డను సాగనంప కాచిగూడనుండి ఇంటిల్లిపాది తరలెడివారము. లోపల మాత్రము ఇరుకు. కూర్చుండ చోటులేక పెట్టెలపైననే నిరీక్షణము. విస్తరింతమన్న చుట్టును ఇండ్లే.

శంషాబాదున చోటు కలదు, దూరమును కలదు. అంతదూరము పోలేని పెద్దలు నేడు గుమ్మముకడనే వీడ్కోలు పలుకుచున్నారు. చేరువయే బేగంపేటకు సుగుణము. తుదకు చేరువయే దానికి చేటు.