చిల్లుల టేపు నడిపిన యంత్రము

హెలికాప్టరు రెక్క ఆకృతిని సరిచూచుటకు వంపు అంచుగల లోహపు అచ్చు కావలెను. దానిని ఆకురాయితో చేతిమీద దిద్దుట ఎంతో కష్టము. వంపుపై అనేక బిందువుల స్థానములను గణనయంత్రముచే లెక్కించి, ఆ అంకెలతోనే కోత నడుపవచ్చునని 1940 దశకములో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రములో జాన్ పార్సన్స్ తలపోసెను. 1949లో ఆ దేశపు వైమానిక దళము ఇందుకు ధనమిచ్చినది. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు చిల్లుల కాగితపు టేపుతో మిల్లింగు యంత్రమును నడిపి చూపిరి. చిల్లులే ఆజ్ఞలు!

అయితే చిక్కు ఒకటి మిగిలినది. భాగమును కోయుటకంటె టేపును సిద్ధపరచుటకే ఎక్కువ కాలము పట్టెడిది. ఒక్క భాగమే కావలసినచో ఆ శ్రమ దండుగ. నూరు కావలసినచో లాభము. ఆజ్ఞలను కంప్యూటరే వ్రాయునట్లు డగ్లస్ రాస్ బృందము రూపొందించిన ఏపీటీ భాష 1959లో లోకమునకు వెల్లడియైనది.

నేటి క్యామ్ సాఫ్ట్‌వేరు దాని సంతతియే. ఇప్పుడు ఒకే బల్లపై పలు ముక్కలను బిగించి, ప్రతిదాని మూలబిందువును యంత్రమునకు తెలిపెదరు. ఒక పనిముట్టు అన్ని ముక్కలపైన తన పని ముగించిన పిదపనే రెండవది వచ్చును. మాటిమాటికి పనిముట్టు మార్చు కాలము మిగులును. కాని ఆజ్ఞలో ఒక్క అంకె తప్పినచో ముక్కలన్నియు ఒకేసారి చెడును. యంత్రమునకు వేగము కలదు. వివేకము మాత్రము మనిషిదే.