పైరసీ హెచ్చరికలు (తెలుగు సినిమా)

దొంగ కాపీలు తీసేవారికి, చూసేవారికి హక్కుదారులు చేరవేసే విన్నపాలు, నోటీసులు, దావాలు. తెలుగులో పాత రూపం థియేటర్ తెరపై వేసే ‘పైరసీని అరికట్టండి’ కార్డు. దాన్ని టికెట్ కొన్నవాడే చదువుతాడు, దొంగ ప్రింటు చూసేవాడు కాదు.

బతిమాలడానికి ఒక ఉదాహరణ ‘అత్తారింటికి దారేది’. 2013 సెప్టెంబరులో, విడుదలకు ముందే సుమారు 90 నిమిషాల సినిమా ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. కృష్ణా జిల్లా పెడనలో సీడీలు చేతులు మారాయి. పోలీసులు అరెస్టులు చేశారు. లీకైన ముక్క చూడొద్దని సినీజనం, అభిమానులు సోషల్ మీడియాలో వేడుకున్నారు. అక్టోబరు 9న రావలసిన చిత్రాన్ని నిర్మాత సెప్టెంబరు 27నే విడుదల చేశారు. అది ఘనవిజయం సాధించింది. హెచ్చరిక కన్నా ఆ తొందరే మంచి జవాబు.

కాపీరైటు చట్టం (1957) 63వ సెక్షను కింద పైరసీకి 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలుశిక్ష ఉంది. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణతో కనీస జరిమానా 3 లక్షల రూపాయలైంది. అయితే నోటీసు ఎవరికి పంపాలి? పైరసీ సైటు నడిపేవాడి ఊరూ పేరూ తెలియదు. అందుకే విడుదలకు ముందే అజ్ఞాతవ్యక్తులపై దావా వేసి నిషేధ ఉత్తర్వు తెచ్చుకుంటారు. మద్రాసు హైకోర్టు కేసుల్లో ఆ అజ్ఞాతవ్యక్తికి పెట్టే పేరు ‘అశోక్ కుమార్’.